బైపీసీ అయింది, ఎంబీబీఎస్ రాలేదు: ఫిజియోథెరపీ చదవమంటారా?

రాజోలు పిల్ల · శుక్రవారం రాత్రి 9.40

అందరికీ నమస్కారమండి. ఇంటర్ బైపీసీ అయిపోయింది. నీట్ రాశాను, ఎంబీబీఎస్‌కి అందే మార్కులు కావు. ఇంట్లో రోజూ ఇదే గోల. నాన్న లాంగ్‌టర్మ్ పెట్టిస్తానంటున్నారు, అంటే ఇంకో ఏడాది విజయవాడ హాస్టలు. అమ్మ బీఎస్సీ నర్సింగ్ అంటోంది. నాకేమో బీపీటీ, అంటే ఫిజియోథెరపీ డిగ్రీ మీద మనసు. ఎందుకో చెబుతాను, నవ్వకండి.

రెండేళ్ల కిందట మా తాతయ్యకి పక్షవాతం వచ్చింది. కుడిపక్క పడిపోయింది. కాకినాడలో పదిహేను రోజులుంచి ఇంటికి తెచ్చేశాం. ఫిజియో ఒకాయన బండేసుకుని వారానికి నాలుగు రోజులు వచ్చేవారు. నలభై రోజులు తిరక్కుండానే తాతయ్య మంచం పట్టె పట్టుకుని తనంతట తాను లేచి నిలబడ్డారు. నిలబడగానే అడిగిన మొదటి మాట "నా పంచె ఏదే?" అని. అప్పటిదాకా లుంగీలోనే ఉంచాం మరి. ఆవేళ నుంచీ నా బుర్రలో ఇదే తిరుగుతోంది.

మామయ్య మాత్రం "కాళ్లు పిసికే చదువుకి అన్నేళ్లు తగలెయ్యాలా?" అంటున్నాడు. జీతం పదివేలు దాటదట. సొంతంగా పెట్టుకున్నా మన వైపు ఎవరూ రారట, అంతా కట్టు కట్టించుకోడానికే పోతారట. నిజమేనా? ఈ పనిలో ఉన్నవాళ్లు ఎవరైనా ఉంటే ఉన్నదున్నట్టు చెప్పండి.

కాలవగట్టు · శుక్రవారం రాత్రి 9.58

మీ మామయ్యకి ఓసారి భుజం పట్టెయ్యనీ తల్లీ, అప్పుడు మాట్లాడదాం. నాకు పట్టేసింది. ఆ కథ పెద్దది, రేపు రాస్తా. ఇప్పుడు చెరువు మీదకి పోవాలి, ఏరేటర్లు చూసుకోవాలి.

మాజీ ఫిజియో · శుక్రవారం రాత్రి 11.15

ఉన్నదున్నట్టు చెప్పమన్నావు కాబట్టి చెబుతున్నా. నేను బీపీటీ చదివాను. తణుకు దగ్గర మా ఊరు. ఆరేళ్లు చేసి వదిలేశాను. ఇప్పుడు రొయ్యల మేత ఏజెన్సీ నడుపుతున్నా, అప్పులేదు, కంటినిండా నిద్ర పడుతోంది.

మొదటి ఉద్యోగం ఒక ప్రైవేటు ఆస్పత్రిలో. పేరెందుకులే. నెలకి 9,000. రోజుకి పాతిక మందిని చూడాలి. పాతికమందికీ ఒకటే వైద్యం, మిషను పెట్టు, పదిహేను నిమిషాలకి టైమర్ తిప్పు, తర్వాతి మనిషిని పడుకోబెట్టు. నాలుగేళ్లు కండరాల పుట్టుకా కొనలూ బట్టీపట్టింది ఆ టైమర్ తిప్పడానికా అనిపించేది. రిసెప్షన్లో అమ్మాయికి నాకంటే వెయ్యి రూపాయలు ఎక్కువ.

సరే, సొంతంగా పెట్టా. అద్దె 6,000. రెండు మంచాలు, నొప్పికి కరెంటు పెట్టే సెకండ్‌హ్యాండ్ ఐఎఫ్‌టీ మిషను ఒకటి, నొప్పికే వాడే అల్ట్రాసౌండ్ (స్కానింగ్‌ది కాదు) ఒకటి. పేషెంట్లు రావాలంటే ఎముకల డాక్టరు చీటీ రాయాలి. చీటీ రాయాలంటే ఆయన వాటా ఆయనకి పోవాలి. ఒకాయన మొహమాటం లేకుండా సగం అడిగాడు. 300 ఫీజులో సగం పోతే, వానాకాలం పేషెంటు రాని రోజులు పోతే, మిగిలేది చెప్పుకోడానికి సిగ్గేసేంత.

పెళ్లిచూపుల్లో "డాక్టరేనా?" అని అడుగుతారు. అవునంటే అబద్ధం చెప్పినట్టుంటుంది, కాదంటే సంబంధం పోతుంది. 2025 సెప్టెంబరులో కేంద్ర ఆరోగ్య శాఖవాళ్లు ఫిజియోలు పేరు ముందు డాక్టరు అని పెట్టుకోకూడదని ఒక ఉత్తరం ఇచ్చారు, మర్నాడే దాన్ని ఆపేశారు. మా బతుకు అదీ. నీకు తిండి పెట్టే చదువు కావాలంటే నర్సింగ్ చెయ్యి. మీ అమ్మగారు తెలివైనావిడ.

మూడో ఏడు · శనివారం ఉదయం 6.50

మాజీ అన్నా, పొద్దున్నే ఏడిపించావు. నాకింకా ఏడాదిన్నర ఉంది.

పాలకొల్లు ఫిజియో · శనివారం ఉదయం 10.20

పేషెంట్ల మధ్య రాస్తున్నా, ముక్కలుముక్కలుగా ఉంటుంది, ఏమనుకోకండి. పదహారేళ్లుగా చేస్తున్నాను.

మాజీ ఫిజియో చెప్పింది అబద్ధం కాదు. మొదటి ఆరేడేళ్లు అలాగే ఉంటుంది. నా మొదటి జీతం ఆయనకంటే తక్కువ. వాటాల సంగతీ నిజమే. నేను ఇవ్వనన్నాను, రెండేళ్లు ఈగలు తోలుకున్నాను. ఆ రెండేళ్లూ మా ఆవిడ టైలరింగ్ మీదే ఇల్లు గడిచింది. ఇది చెప్పకుండా వృత్తి గొప్పదనం చెబితే మోసం.

కానీ "పిసికే చదువు" అన్న మామయ్యగారికి ఒక్క సంగతి చెప్పాలి. జామచెట్టు మీంచి పడి మోచెయ్యి విరిగిన పిల్లాడు, పదకొండేళ్లవాడు, ఆరు వారాల కట్టు విప్పాక నా దగ్గరకి వచ్చాడు. చెయ్యి కర్రలా బిగుసుకుపోయింది. కట్టు ఎక్కడ కట్టారన్నది కాదు ఇక్కడ సంగతి, పెద్దాస్పత్రి పిండికట్టు విప్పాకా బిగుసుకుంటుంది. అసలు తప్పు ఇంట్లో జరిగింది. వాళ్ల నాయనమ్మ పాపం ప్రేమకొద్దీ రోజూ వేడినూనె రాసి బలంగా పిసికి, వంచి, లాగింది. దెబ్బతిన్న మోచేతిని అలా పిసికితే ఏమవుతుందో తెలుసా? కండలో ఎముక పెరగడం మొదలవుతుంది. కండ ఉండాల్సినచోట చేతికి రాయిలా తగులుతుంది. అందుకే మా చదువులో మొదట నేర్పేది ఎక్కడ ముట్టుకోకూడదో. పిసకడం ఎవడికైనా వస్తుంది.

ముద్ద నోటిదాకా వెళ్లాలంటే మోచెయ్యి 120 డిగ్రీలు దాటి ముడవాలి. వాడికి 80 దగ్గర ఆగిపోయేది. గోనియోమీటర్ అని కోణం కొలిచే స్కేలు ఉంటుంది, వారం వారం కొలిచి గోడ మీద క్యాలెండర్లో రాసేవాణ్ని. 80, 84, 84, 83, 90. మధ్యలో తగ్గింది చూశారా, ఆ వారం వాళ్ల నాయనమ్మ మళ్లీ నూనె రాసింది. మూడు నెలలు పట్టింది. వాడు నా ముందు కూర్చుని కుడిచేత్తో జంతిక కొరికిన రోజు క్యాలెండర్లో అంకె వెయ్యడం మర్చిపోయా.

పేషెంట్లు వచ్చారు. మళ్లీ రాస్తా.

కాలవగట్టు · శనివారం మధ్యాహ్నం 1.30

నా భుజం కథ.

నాకు పన్నెండేళ్లుగా షుగరు. భీమవరం దగ్గర చెరువులు. ఓ రోజు వెనక జేబులో పర్సు తియ్యబోతే చెయ్యి వెనక్కి పోలేదు. మూరెడు పైకి లేచేసరికి ప్రాణం పోయినంత నొప్పి. రాత్రిళ్లు ఆ పక్కకి తిరిగితే కెవ్వుమనేవాణ్ని. మా ఆవిడ ఏదో గాలి సోకిందంది.

ముందు ఒక చోటికి వెళ్లాను, పది రోజులు కరెంటు పెట్టారు. జివ్వుజివ్వుమంటే హాయిగా ఉండేది, బయటికొస్తే భుజం ఎక్కడిదక్కడే. తర్వాత వేరే ఫిజియో దగ్గరికి పోతే ఆయన మిషను ముట్టుకోలేదు. చొక్కా విప్పించి, మోచెయ్యి డొక్కకి ఆనించి ముంజెయ్యి బయటికి తిప్పమన్నాడు. తిరగలేదు. "షుగరున్నవాళ్లకి ఇది ఎక్కువగా వస్తుందండి, భుజం చుట్టూ ఉన్న తిత్తి బిగుసుకుపోయింది, ఏడాది పట్టొచ్చు" అన్నాడు. ఏడాదా! లేచిపోదామనుకున్నా.

రోజూ గోడకి ఎదురుగా నిలబడి వేళ్లతో గోడ మీద పాకించాలి, చీమ పాకినట్టు. ఎక్కడిదాకా పోయిందో పెన్సిలు గీత పెట్టాలి. ఇప్పటికీ మా వసారా గోడ మీద ఆ గీతలున్నాయి, సంక్రాంతికి సున్నం వేసినప్పుడు కూడా ఆ ముక్క వెయ్యనివ్వలేదు. ఎనిమిది నెలలకి పర్సు చేతికందింది. అందీ అందగానే మొదటి ఖర్చు ఆయన ఫీజే.

పిల్లా, ఆయన తీసుకున్నది 300. నేను తిట్టిన తిట్లు మాత్రం 3,000 ఉంటాయి. నొప్పి పుట్టించేవాణ్ని ఎవడు మెచ్చుకుంటాడు? నువ్వు తిట్లు తినగలవా, అది చూసుకో.

రాజోలు పిల్ల · శనివారం మధ్యాహ్నం 2.05

బాబాయిగారూ, మా తాతయ్య కూడా ఆ ఫిజియోగార్ని తిట్టని తిట్టు లేదండి. మాట సరిగా రాకపోయినా తిట్లు మాత్రం స్పష్టంగా వచ్చేవి 😀

మూడో ఏడు · శనివారం సాయంత్రం 5.10

చదువు గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెబుతా. రాజమండ్రి వైపు చదువుతున్నా.

పాత పద్ధతిలో బీపీటీ నాలుగున్నరేళ్లు. అందులో ఆఖరి ఆరు నెలలు ఇంటర్న్‌షిప్. నేను చదివేది అదే. 2021లో పార్లమెంటు ఫిజియోలాంటి అనుబంధ వైద్య వృత్తుల కోసం ఒక చట్టం చేసింది, దాని కింద జాతీయ స్థాయిలో ఒక కమిషన్ వచ్చింది. ఆ కమిషన్ 2025లో ఇచ్చిన కొత్త సిలబస్ ప్రకారం కోర్సు అయిదేళ్లు, అందులో ఏడాది ఇంటర్న్‌షిప్. ప్రవేశానికి నీట్ కావాలనే మాట కూడా అందులో ఉంది. నువ్వు నీట్ రాసేశావు కాబట్టి నీకు దిగుల్లేదు, ఆ స్కోరు కార్డు జాగ్రత్తగా పెట్టుకో. విజయవాడ ఎన్టీఆర్ హెల్త్ యూనివర్సిటీ వాళ్ల నోటిఫికేషన్ పడగానే మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా నువ్వే చదువు. ఏజెంట్లకి, "సీటు ఇప్పిస్తా" అనేవాళ్లకి ఫోన్ నంబరు ఇవ్వకు. మా బ్యాచ్‌లో ఒకడు అలాగే 40,000 పోగొట్టుకున్నాడు.

మొదటి ఏడు అనాటమీ, ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీ. శవం దగ్గర నిలబడాలి, ఫార్మలిన్ వాసనకి కళ్లు మండుతాయి, వారానికి అలవాటైపోతుంది. రెండో ఏడు బయోమెకానిక్స్, వ్యాయామ చికిత్స, ఎలక్ట్రోథెరపీ. ఫిజిక్స్ వదిలేశామనుకుని బైపీసీ తీసుకున్నవాళ్లంతా అక్కడ దొరికిపోతారు, ఎందుకంటే బయోమెకానిక్స్ అంటే మీటలు, బలాలు, టార్కులే. తర్వాత ఎముకలు, నరాలు, గుండె–ఊపిరితిత్తులు, పిల్లలు, ఊళ్లలో పునరావాసం.

కాలేజీ చూడ్డానికి వెళ్తే బిల్డింగు చూసి మురిసిపోకు. పక్కనే ఆస్పత్రి ఉందా, అందులో మంచాల మీద మనుషులున్నారా, అది చూడు. మన దగ్గర రాజానగరంలో జీఎస్‌ఎల్ ఉంది, దూరం పోగలిగితే తిరుపతి స్విమ్స్ ఉంది. మెడికల్ కాలేజీతో కలిసి ఉన్నచోట ఐసీయూలో కూడా తిప్పుతారు. పేషెంటు లేని కాలేజీలో పరీక్ష చేసే సుత్తితో ఒకరి మోకాలు ఒకరం కొట్టుకుంటూ నాలుగేళ్లూ గడపాలి.

ఎడారిలో కోనసీమ · శనివారం రాత్రి 10.45

దుబాయ్ నుంచి రాస్తున్నా. మాది అమలాపురం దగ్గర. బీపీటీ తర్వాత మూడేళ్లు ఊళ్లో చేసి ఇటొచ్చాను.

మనవాళ్లలో గల్ఫ్ అనగానే ఇంటిపని వీసాలే గుర్తొస్తాయి. మా వీధిలో పదకొండు ఇళ్లలో ఎవరో ఒకరు కువైటో మస్కటో. నేను డిగ్రీతో వెళ్తున్నానంటే మా అమ్మమ్మకి కూడా నమ్మకం కుదర్లేదు, పాస్‌పోర్టు నీ దగ్గరే ఉంచుకోవే అని వంద జాగ్రత్తలు చెప్పింది.

ఇక్కడికి రావాలంటే ముందు సర్టిఫికెట్లన్నీ డేటాఫ్లో అనే సంస్థ ద్వారా పరిశీలిస్తారు, తర్వాత లైసెన్సు పరీక్ష. మా బ్యాచ్‌కి రెండేళ్ల అనుభవం అడిగారు. ఆ అనుభవం లెటరు కోసమే నేను ఊళ్లో 11,000 జీతానికి నోరు మూసుకుని చేశా. బ్రిటన్‌కయితే హెచ్‌సీపీసీ అనే సంస్థలో నమోదు కావాలి. అమెరికా దారి పెద్దది, అక్కడ ఇప్పుడు ఈ చదువు డాక్టరేట్ స్థాయిది. మన డిగ్రీని అక్కడి దాంతో పోల్చి, తక్కువైన సబ్జెక్టులు చదివించి, పెద్ద పరీక్ష పెట్టి, ఆపైన రాష్ట్రం లైసెన్సు.

ఎవరూ ముందు చెప్పని చిన్న సంగతి. ప్రతి ఏడాది సిలబస్ కాపీ, ఏ సబ్జెక్టు ఎన్ని గంటలు చెప్పారో ఆ లెక్క, ఇంటర్న్‌షిప్‌లో ఏ వార్డులో ఎన్నాళ్లు ఉన్నావో ఆ కాగితం, అన్నీ కాలేజీ ముద్రతో చదువుతుండగానే తీసి పెట్టుకో. ఏడేళ్ల తర్వాత అడిగితే ఆ క్లర్కు రిటైరై ఉంటాడు. నేను ఆ కాగితాల కోసం రెండుసార్లు సెలవు పెట్టి విమానం ఎక్కాను.

మాజీ ఫిజియోగారూ, మీరు ఆరేళ్లకి విసిగిపోయారు. మిమ్మల్ని తప్పుపట్టను. కానీ నర్సింగ్‌లో మాత్రం మొదటి జీతం ఏమంత ఉంటుందండీ? రాత్రి డ్యూటీలు వేరే.

మాజీ ఫిజియో · శనివారం రాత్రి 11.30

నర్సింగ్‌లో సర్కారు పోస్టులు పడతాయి అమ్మా. ఫిజియో పోస్టు జిల్లా మొత్తానికి చేతివేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, అదీ ఎక్కువ కాంట్రాక్టే. ఈ ఒక్క మాటకి ఎవరైనా జవాబు చెప్పండి, నేను మాట్లాడటం మానేస్తా.

పాలకొల్లు ఫిజియో · ఆదివారం ఉదయం 8.15

ఆ మాటకి జవాబు లేదు. సర్కారు ఉద్యోగమే కావాలనుకుంటే ఇందులోకి రావద్దు. ఆ లెక్కలో మాజీ గారిదే పైచెయ్యి.

సొంత ప్రాక్టీసు సంగతి చెబుతా. నా బండి ఎలా ఎక్కిందంటే డాక్టరు చీటీలతో కాదు, మోకాలి మార్పిడి ఆపరేషన్లతో. మన వైపు పెద్దావిడలు హైదరాబాదో, విశాఖో, రాజమండ్రో వెళ్లి మోకాళ్లు మార్పించుకుని వారానికి ఇంటికి వచ్చేస్తారు. ఆ తర్వాత చూసేవాడు లేడు. కూతుళ్లు ప్రేమకొద్దీ మోకాలి కింద దిండు పెడతారు. మెత్తగా ఉంటుంది, నొప్పి తగ్గినట్టుంటుంది, కాలు మాత్రం వంకరగానే బిగుసుకుపోతుంది. దిండు మడమ కింద పెట్టాలి, మోకాలు గాల్లో ఉండి దాని బరువుకి అదే చాపుకోవాలి. ఆ ఒక్క దిండు జరిపినందుకు నాకు యలమంచిలి మండలంలో నాలుగు ఊళ్లు దొరికాయి. ఒకావిడ నడిచింది, వాళ్ల వీధిలో ఇంకో ముగ్గురు పిలిచారు. ఇప్పుడు రోజుకి క్లినిక్‌లో పన్నెండు మంది, ఇళ్లకి నలుగురు. అప్పు తీరింది, చిన్న ఇల్లు కట్టాను. పదహారేళ్లకి. అంతకంటే గొప్పగా చెప్పను.

ఇంకో ముక్క, ఇది నా బాధ. చదువులో "నడుం నొప్పి వాళ్లని వంగొద్దని చెప్పండి, నేల మీద కూర్చోవద్దని చెప్పండి" అని నేర్పారు. మొదట్లో అలాగే చెప్పేవాణ్ని. ఊడ్పులకి పోయే ఆవిడ ఒకామె చీటీ చదివించుకుని నా వంక చూసి "వంగకుండా నాటు ఎలా వెయ్యాలి బాబూ?" అంది. నా దగ్గర సమాధానం లేదు. ఆవేళ నుంచి ఆ చీటీ రాయడం మానేశాను. పావుగంటకోసారి నిలబడి రెండు చేతులూ నడుం మీద పెట్టి వెనక్కి విరుచుకోమంటాను, నారుకట్టలు ఒకే చంకన మొయ్యొద్దంటాను, సార్వాకి రెండు నెలల ముందే నడుం కండలు గట్టిపడే కసరత్తు మొదలుపెట్టిస్తాను. కొందరు చేస్తారు, కొందరు చెయ్యరు. పుస్తకం రాసినాయన మన చేలో దిగి ఉండడు, అంతే.

దింపోళ్ల కుర్రాడు · ఆదివారం ఉదయం 11.00

మా నాన్న దింపు కార్మికుడు. ఆరేళ్ల కిందట కొబ్బరిచెట్టు మీంచి పడ్డాడు. వెన్నుపూస విరిగింది, నడుం కింద స్పర్శ లేదు. ఆపరేషన్ అయింది, ఇంటికి పంపేశారు. రెండు గంటలకోసారి పక్క మార్చాలని ఎవరూ చెప్పలేదు. పుండు పడింది, అరచెయ్యంత. మా ఊరొచ్చిన ఫిజియో చూసి ముందు మమ్మల్ని కేకలేశాడు, తర్వాత మంచం మీంచి చక్రాల కుర్చీలోకి చేతుల బలంతో ఎలా జరగాలో నాన్నకి నేర్పాడు. చెట్లెక్కిన చేతులు కదా, వాటికి లోటేముంది. మూడు వారాల్లో నేర్చుకున్నాడు. ఇప్పుడు మా నాన్న ఇంటి అరుగు మీద బడ్డీకొట్టు నడుపుతున్నాడు.

ఆ ఫిజియో ఎంత సంపాదించాడో నాకు తెలీదు. మా దగ్గర సగం రోజులు తీసుకోలేదు. అది ఆయన తప్పో ఒప్పో మాజీ గారే చెప్పాలి.

మాజీ ఫిజియో · ఆదివారం ఉదయం 11.20

తప్పు కాదు తమ్ముడూ. నేనూ తీసుకోనివాళ్లున్నారు. అందుకే మూసేశా.

కృష్ణవేణి కొడుకు · ఆదివారం మధ్యాహ్నం 12.40

ఇక్కడ చదువుకున్న ఫిజియోల గురించే మాట్లాడుతున్నారు. చదువుకోనివాళ్ల సంగతేంటి? మా అమ్మకి షుగరు, పాదాల్లో తిమ్మిరి. మా టౌన్లో "థెరపీ సెంటర్" అని బోర్డు పెట్టుకున్న ఒకడు వేడి ప్యాక్ పెట్టి ఫోన్ మాట్లాడుకుంటూ బయటికి పోయాడు. స్పర్శ లేని పాదం కదా, కాలుతున్నా ఆవిడకి తెలీలేదు. బొబ్బలెక్కి, పుండై, వేలు తీసేశారు. తర్వాత ఆరా తీస్తే వాడు చదివింది ఆరు నెలల సర్టిఫికెట్టు. మా ఊళ్లో అందరూ ఇప్పుడు "ఫిజియో అంటే కాలుస్తారు" అంటున్నారు.

పాలకొల్లు ఫిజియో · ఆదివారం మధ్యాహ్నం 1.10

అయ్యో. వేడి పెట్టేముందు వేడినీళ్ల గొట్టం ఒకటి, చన్నీళ్ల గొట్టం ఒకటి చర్మానికి తాకించి "ఏది వేడి?" అని అడగాలండి. రెండో ఏడు పిల్లలకి నేర్పే మొదటి పాఠం అది. లోపల రాడ్డు ఉన్న కాలికి డయాథెర్మీ (ఒంటి లోపలికి వేడి పుట్టించే మిషను) పెట్టినవాళ్లనీ చూశాను నేను, లోహం ఉన్నచోట అది పెట్టనే కూడదు. ఆ 2021 చట్టం సరిగ్గా అమలై, రిజిస్టరులో పేరు లేనివాడు బోర్డు పెట్టకూడదంటే మీ అమ్మగారి లాంటివాళ్లు బతికిపోతారు. అందాకా పేషెంట్లే సర్టిఫికెట్ చూపించమని అడగాలి. అడిగితే నేను కోప్పడను, గోడ మీద తగిలించే ఉంది.

వేదిక నిర్వాహకుడు · ఆదివారం మధ్యాహ్నం 1.30

ఆస్పత్రుల పేర్లు, మనుషుల పేర్లు, ఫోన్ నంబర్లు ఇక్కడ పెట్టొద్దు. రెండు వ్యాఖ్యలు తీసేశాను. "పావురం నెత్తురు రాస్తే పక్షవాతం పోతుంది" అన్న వ్యాఖ్య కూడా తీసేశాను, దానికి మళ్లీ చర్చ పెట్టకండి.

బుజ్జిగాడి అమ్మ · ఆదివారం రాత్రి 9.00

నేను ఎప్పుడూ రాయను, చదువుతానంతే. మాది లంక ఊరు. మా బాబు పుట్టగానే ఏడవలేదు. రెండేళ్లొచ్చినా కూర్చోలేదు, కాళ్లు రెండూ కత్తెరలా ఒకదాని మీదకి ఒకటి వచ్చేసేవి. సెరిబ్రల్ పాల్సీ అన్నారు. మండలంలో ఇలాంటి పిల్లల కోసం ఉండే భవిత కేంద్రానికి వారానికి ఒకసారి ఫిజియో మేడమ్ వచ్చేవారు. పడవ దాటి ఆటో ఎక్కి వెళ్లేవాళ్లం.

నేను బాబుని రెండు చేతుల మీద పసిపిల్లాణ్ని ఎత్తుకున్నట్టే ఎత్తుకునేదాన్ని. ఆవిడ చూసి "చంకనెత్తుకోమ్మా, రెండు కాళ్లూ నీ నడుం చుట్టూ వచ్చేలా" అన్నారు. అంతే. అలా ఎత్తుకుంటే కాళ్లు విడిగా ఉంటాయి, నేను పని చేసుకుంటున్నంతసేపూ వాడికి వైద్యం జరుగుతున్నట్టే. గోడ మూలలో కూర్చోబెట్టమన్నారు, రెండు పక్కలా గోడ ఆనుతుంది కదా, పడిపోడు. మా ఇంట్లో బియ్యం డబ్బా ఉండే మూల ఖాళీ చేసి వాడికిచ్చాం. నాలుగో ఏట ఆ మూలలో వాడు ఆసరా లేకుండా కూర్చున్నాడు. నడవడని చెప్పారు, నాకు తెలుసు. కూర్చుని అన్నం తింటాడు.

ఆ మేడమ్‌ని తర్వాత మార్చేశారు. కొత్తవాళ్లు వచ్చారో లేదో కొన్నాళ్లు తెలీలేదు. పాపా, నువ్వు చదివితే మా వైపు రా.

రాజోలు పిల్ల · సోమవారం రాత్రి 8.20

అన్నీ రెండుసార్లు చదివాను. నాన్నకీ చదివి వినిపించాను. మాజీ ఫిజియోగారు రాసింది విన్నప్పుడు నాన్న తల ఊపారు, దిండు సంగతి విన్నప్పుడు మాత్రం లేచి వెళ్లి నాయనమ్మ మంచం చూసొచ్చారు. ఆవిడకీ మోకాలి కింద దిండే ఉంది.

పాలకొల్లు ఫిజియోగారూ, మీరు మెసేజ్‌లో రెండు రోజులు వచ్చి పక్కన కూర్చుని చూడమన్నారు కదా, నాన్న సరేనన్నారు. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి నరసాపురం వస్తాం, అక్కణ్నుంచి బస్సు. తొమ్మిదికల్లా ఉంటాం. మామయ్య కూడా వస్తానంటున్నాడు. ఆయనకి మెడ నొప్పి ఉందని ఇవాళే బయటపెట్టాడు.

మాజీ ఫిజియో · సోమవారం రాత్రి 8.45

మామయ్య దగ్గర ఫీజు తీసుకోండి గురువుగారూ. ఫుల్లు ఫీజు.

కాలవగట్టు · సోమవారం రాత్రి 8.50

😀😀 వాటా నాకు పంపండి.

పాలకొల్లు ఫిజియో · సోమవారం రాత్రి 10.30

రేపు రావద్దమ్మా, పొద్దున్న ఇళ్లకి తిరిగే పని ఉంది. బుధవారం రా. పంటు రద్దీగా ఉంటే ఆలస్యమైనా ఫర్వాలేదు, రేవులో తొందరపడి దూకకండి. మామయ్యగారి ఎక్స్‌రే ఉంటే తెచ్చుకోమను. నువ్వు వదులు చేతుల డ్రెస్సు వేసుకోకు, గాజులు తీసి పెట్టి రా. గోళ్లు పొట్టిగా తీసుకుని రా, పక్షవాతం ఆయన ఒకరు తొమ్మిదిన్నరకి వస్తారు, చెయ్యి పట్టుకోవడం నీకు చూపిస్తాను.

రాజోలు పిల్ల · సోమవారం రాత్రి 10.34

గోళ్లు తీసేశానండి.